ఊరి నీళ్ళ కమిటీ నిలబడుతుందా? ముందు బిందె లెక్క, పద్దు పుస్తకం. ఆ తర్వాతే కమిటీ

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైన మేరకు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి. మీది 420 ఇళ్ళ ఊరు. మిషన్ భగీరథ, అంటే మన తెలంగాణ సర్కారు ఇంటింటి తాగునీటి పథకం, నీళ్ళు ఊరి ట్యాంకు దాకా వస్తాయి. ట్యాంకు నుంచి నల్లాల దాకా చూసుకోవాల్సింది పంచాయతీ. నీళ్ళు తక్కువ పడ్డ రోజు పంచాయతీ బోరు మోటారు వేస్తారు. ట్యాంకు దగ్గరి వాడకట్టుకు రెండు గంటలు నీళ్ళు పోతే, లైను చివర ఉన్న ఎస్సీ కాలనీకి ఇరవై నిమిషాలు వస్తే గొప్ప. మోటారు కాలితే బాగయ్యేసరికి వారం. మీరు పదిమంది యువకులు, రెండు మహిళా సంఘాలు కలిసి 'ఊరి నీళ్ళు ఇకనుంచి మేం చూసుకుంటాం, కమిటీ వెయ్యండి' అని సర్పంచ్‌ను అడిగితే ఆయన వెంటనే సరే అన్నాడు. ఇది నిలబడుతుందా, ఎక్కడ దెబ్బ తింటాం అన్నది నీ ప్రశ్న.

సర్పంచ్ వెంటనే సరే అన్నాడన్న చోటే నాకు అనుమానం. ఆయన చెడ్డవాడని కాదు. వెంటనే సరే అన్నాడంటే ఆ కమిటీ వల్ల తన చేతిలోంచి ఏదీ జారిపోదని ఆయనకు తెలుసు. నీళ్ళు రాని రోజు జనం మీ ఇంటి ముందుకొస్తారు, చెక్కు బుక్కు మాత్రం ఆయన బీరువాలోనే ఉంటుంది. తిట్లు మీకు, సంతకం ఆయనకు. ఇట్లాంటి కమిటీలు నా సర్వీసులో ఎన్ని పుట్టాయో, ఎన్ని పోయాయో లెక్కలేదు. మొదట కాలువల మీద, తర్వాత గ్రామీణ నీటి సరఫరాలో, మొత్తం 31 ఏళ్ళు ఇంజినీరు కొలువు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు కాలువల సంగతి చెప్తాను. నీది తాగునీటి సమస్య అయినా దీనికి సంబంధం ఉంది.

1997లో ఉమ్మడి రాష్ట్రంలో రైతుల చేతికి సాగునీటి వ్యవస్థ అప్పగిస్తూ చట్టం చేశారు. ఆ జూన్‌లో ఎన్నికలు పెట్టి 10,292 నీటి వినియోగదారుల సంఘాలు వేశారు. అప్పట్లో దేశమంతా మన వైపు చూసింది. నేను అప్పుడు కుర్ర ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరుని. మొదటి ఏడాది జరిగింది చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. సంఘం అధ్యక్షుడు, మెంబర్లు, నేను, కాలువ కాపలా చూసే లస్కరు కలిసి కాలువ గట్టు మీద మొదటి నుంచి చివరి దాకా నడిచేవాళ్ళం. వాక్‌త్రూ అనేవాళ్ళు దాన్ని. ఎక్కడ పూడిక ఉంది, ఏ తూము తలుపు విరిగింది, ఎవరు గట్టు తవ్వి దొంగతూము పెట్టారు, అన్నీ అక్కడికక్కడే రాసుకునేవాళ్ళం. ఆఫీసులో కూర్చుని ఎస్టిమేటు రాసే నాకు, నా కాలువలో ఎన్ని దొంగతూములున్నాయో ఆ నడకలోనే తెలిసింది. ఆ ఏడు పూడిక తీసిన తర్వాత, నేను చూసిన రెండు మేజర్ల (పెద్ద కాలువ నుంచి చీలే కాలువల) కింద చివరి పొలాలకు చాలా ఏళ్ళ తర్వాత నీళ్ళందాయి.

మరి ఎక్కడ చెడింది? డబ్బు దగ్గర. ఎవరో తిన్నారని చెప్పడం లేదు, తిన్నవాళ్ళు తిన్నారు, అది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, నీటి తీరువా (నీటి పన్ను) ఎంతో ఠరాయించేది సర్కారు, వసూలు చేసేది రెవెన్యూ వాళ్ళు, పనుల డబ్బు పైనుంచి గ్రాంటుగా వచ్చేది. రైతు కట్టిన తీరువాకూ, తన తూములోకి వచ్చే నీళ్ళకూ ఉన్న ముడి రైతుకు కనిపించలేదు. సంఘం అధ్యక్షుడు కూడా రైతుల వైపు చూడటం మానేసి గ్రాంటు ఎప్పుడొస్తుందా అని మా ఆఫీసు వైపు చూశాడు. రెండు మూడేళ్ళకు అధ్యక్షుడంటే పూడికతీత కాంట్రాక్టరు అని జనానికి అర్థమైపోయింది. గ్రాంటు సన్నగిల్లాక సంఘం కూడా సన్నగిల్లింది. ఇంకొక సంగతి. ఓటు హక్కు రికార్డులో పేరున్న వాళ్ళదే. కాగితం మీద కౌలుదారుకూ చోటుంది గానీ, కౌలు మాట నోటిమాటే కాబట్టి రికార్డులో ఆ పేరు ఉండదు. పట్టా భర్త పేరున ఉంటే నాట్లేసే భార్యకు ఓటు లేదు. అంటే నీళ్ళతో రోజూ పని ఉన్న సగం మంది సంఘం బయటే ఉండిపోయారు.

మీ కమిటీ విషయంలో ఈ రెండూ గుర్తుపెట్టుకో. డబ్బు ఎటునుంచి వస్తే కమిటీ ముఖం అటే తిరుగుతుంది. నీళ్ళు మోసేవాళ్ళు కమిటీలో లేకపోతే నీళ్ళ సంగతి కమిటీకి తెలియదు.

కమిటీ వెయ్యకముందు ఒక పదిహేను రోజులు లెక్క తియ్యండి. మీటింగు వద్దు, బ్యానరు వద్దు. ఇద్దరు పిల్లలకు చెరో నోటుపుస్తకం ఇచ్చి, ఒకరిని ట్యాంకు దగ్గర, ఇంకొకరిని కాలనీలో చివరి ఇంటి నల్లా దగ్గర పెట్టండి. ట్యాంకు దగ్గరి పిల్లవాడు రోజుకు ట్యాంకు ఎన్నిసార్లు నిండిందో, ఎప్పుడు వదిలారో రాస్తాడు. చివరి ఇంటి దగ్గరి పిల్లది నీళ్ళు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగాయి, 20 లీటర్ల బకెట్టు నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టింది రాస్తుంది. అంతే.

ఎందుకో చెప్తాను. మనిషికి రోజుకు 100 లీటర్లన్నది భగీరథ లెక్క. 420 ఇళ్ళు, ఇంటికి నలుగురు అనుకుంటే 1,680 మంది. అంటే రోజుకు 1,68,000 లీటర్లు రావాలి. మీ ట్యాంకు 60 వేల లీటర్లది అన్నావు కాబట్టి దాదాపు మూడుసార్లు నిండాలి. రెండుసార్లే నిండుతోందంటే మనిషికి 71 లీటర్లే వస్తున్నాయి. అప్పుడు తగాదా ఊళ్ళో కాదు, ఊరి ట్యాంకు దాకా నీళ్ళు పంపే భగీరథ గ్రిడ్డు వాళ్ళతో. మూడుసార్లూ నిండుతూ కాలనీకి రాలేదంటే తగాదా ఊళ్ళోనే, మీ ఎగువ వాడకట్టులోనే. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మందు కూడా వేరు. లెక్క లేకుండా ఎంపీడీవో దగ్గరికి పోతే 'చూస్తాం' అంటారు. పదిహేను రోజుల టైములు కాగితం మీద పెడితే అదే మనిషి ఏఈకి ఫోన్ చేస్తాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. అంకెలు తెచ్చినవాడంటే మాకు కొంచెం భయం.

నా అంచనా మీది రెండో జబ్బే. ఎగువ ఇళ్ళల్లో నల్లాకు మోటార్లు బిగించి ఉంటారు. ఏ ఇంటికీ ఎక్కువ నీళ్ళు పోకుండా నల్లాలో పెట్టిన ఫ్లో కంట్రోల్ వాల్వు పీకేసి ఉంటారు. కింద సంపు కట్టి నల్లా వదిలేసి ఉంటారు. ఒక్కొక్క మోటారూ కాలనీ బిందెల్లోంచి లాగుతున్నట్టే. నీళ్ళు వదిలే గంటసేపు లైన్‌మన్‌తో మాట్లాడి కరెంటు తీయించిన ఊళ్ళు చూశాను. పనిచేస్తుంది, కానీ ఎండాకాలంలో ఫ్యాన్లు ఆగి ముసలివాళ్ళు పెట్టే శాపనార్థాలు కమిటీకే తగుల్తాయి. దానికంటే గేట్‌వాల్వులతో ఊరిని రెండు మూడు ముక్కలు చేసి, చివరి ముక్కకు ముందు వదలడం మేలు. పొద్దున్నే కాలనీ, తర్వాత మధ్య వాడ, ఆఖరున ట్యాంకు పక్కవాళ్ళు. ట్యాంకు పక్కన ఉన్నవాళ్ళకు వత్తిడి ఎలాగూ ఉంటుంది, ఆలస్యంగా వదిలినా నీళ్ళు అందుతాయి. వినడానికి చిన్న మార్పు. ఊళ్ళో మాత్రం అదే పెద్ద రాజకీయం. వాల్వు తిప్పే మనిషి ఎవరి మాట వింటాడన్నదే అసలు అధికారం. కమిటీకి పేరు ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం. వాల్వు తిప్పే టైములు ఎవరు నిర్ణయిస్తారో తీర్మానంలో రాయించుకోకపోతే మాత్రం మీరు నడపడం లేదు, నడిపేవాడికి సాయం చేస్తున్నారు.

ఇక చట్టం. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాల జాబితా ఇచ్చింది. తాగునీరు అందులో ఉంది. అయితే ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. మన తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలంది. ప్రతి పంచాయతీకి నాలుగు స్టాండింగ్ కమిటీలు ఉండాలంది. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం పెట్టింది. మీరు విడిగా సంఘం రిజిస్టర్ చేయించుకుని ఊరి నీళ్ళ మీద కూర్చుంటే రేపు ఎవరైనా 'మీరెవరు' అని అడగొచ్చు. అందుకని గ్రామసభ తీర్మానంతో, పంచాయతీ కమిటీగానే ఉండండి. కేంద్రం జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలని, సగం మంది ఆడవాళ్ళు కావాలని చెప్తాయి. ఆ నమూనా బాగుంది, వాడుకోండి. నా షరతు ఇంకొకటి. కనీసం ముగ్గురు కాలనీ నుంచి ఉండాలి, అందులో ఒకరు చివరి ఇంటి మనిషి. పేరుకు కాదు. వాల్వు తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గర ఉండాలి.

మొత్తం సర్పంచ్ ఒక్కడి మీద ఆనుకుని కట్టుకోకండి. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేకాధికారులు వచ్చాక ఎన్ని ఊళ్ళల్లో కమిటీలు అడ్రసు లేకుండా పోయాయో మీకూ తెలుసు. సర్పంచ్ మంచివాడు కాబట్టి నడిచిన కమిటీలవి. మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకం, టైముల పట్టిక ఉన్నచోట ప్రత్యేకాధికారి కూడా 'నడవనీ' అన్నాడు. పాపం ఆయనకు నాలుగైదు ఊళ్ళు, నడిచేదాన్ని ఆపే ఓపిక కూడా ఉండదు.

డబ్బు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. 'నల్లా బిల్లు పెడితే జనం తిడతారు, సర్కారు డబ్బుతోనే నడుపుదాం' అని మీ మిత్రులు అంటున్నారని రాశావు. కేరళలో 1996 ఆగస్టు 17న ప్రజాప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చేశారు. ముందు డబ్బు, తర్వాత శిక్షణ, ఆ తర్వాత చట్టం సవరణలు. మన దగ్గర ఆ దారి లేదు. పంచాయతీకి వచ్చేదాంట్లో పెద్దది ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఇచ్చినదాంట్లో 60 శాతం కట్టుబడి నిధులు, అంటే చెప్పిన పనికే ఖర్చు పెట్టాల్సినవి. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మీ ఊరికి ఎంత వచ్చింది, ఎవరి పేర చెల్లించారు అన్నది ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఈ రాత్రికే చూడు. కమిటీ మొదటి మీటింగులో చదవాల్సిన కాగితం అదే.

అయినా ఆ గ్రాంటు మోటారు కాలిన రోజే రాదు. పంచాయతీ డబ్బు ట్రెజరీలో ఉంటుంది, చెక్కు రాసినా అక్కడ పాసవడానికి నెలలు పట్టిన రోజులు చూశాం. మోటారు కాలితే రివైండింగుకు నగదు కావాలి, అదీ ఇవాళే. ఇంటికి నెలకు 30 రూపాయలు అనుకో, అందరూ కడితే 12,600. మొదటి ఏడు మూడింట రెండొంతుల మంది కడితే గొప్ప, అంటే 8,400. దానితో మోటార్లు, వాల్వులు, లీకేజీలు, బ్లీచింగు గడిచిపోతాయి. ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు పంచాయతీ మీదే ఉండనివ్వండి. అన్నీ నెత్తికెత్తుకుంటే మొదటి ఏడాదే నడుం విరుగుతుంది.

వసూలు మాత్రం మహిళా సంఘాలకే ఇవ్వండి. ఆడవాళ్ళు సున్నితంగా అడుగుతారనో మరొకటో కాదు. వాళ్ళకు ఇరవై, పాతికేళ్ళుగా నెలనెలా పొదుపు కట్టి పుస్తకం రాసే అలవాటుంది. ఊళ్ళో క్రమశిక్షణగా లెక్క రాసే సంస్థ ఇంకేదైనా ఉంటే నాకు చూపించు. మీ యువకుల్లో ఒక్కడైనా ఆరునెలలు ఆపకుండా పద్దు రాయగలడా? నేనైతే పందెం కాయను. రసీదు మాత్రం పంచాయతీ రసీదు పుస్తకంలోంచే చించాలి, నంబరు ఉండాలి. మీరు అచ్చేయించుకున్న రసీదుతో వసూలు చేస్తే ఆడిట్‌లో అది దొంగ వసూలు కిందికే వస్తుంది. నల్లా రేటు ఎంత, చిల్లర మరమ్మతులకు కమిటీ చేతిలో ఎంత ఉంచుకోవచ్చు, ఆ పైబడితే ఎవరు సంతకం పెట్టాలి, ఈ మూడూ గ్రామసభ తీర్మానంలో ఉండాలి. తీర్మానం ముసాయిదా ముందుగానే ఎంపీవోకు (మండల పంచాయతీ అధికారికి) చూపించండి. తర్వాత చూపిస్తే తప్పు వెతుకుతారు, ముందు చూపిస్తే తప్పు దిద్దుతారు.

ఎందుకింత చాదస్తం అంటావేమో. ఒక ఊళ్ళో కమిటీ పెద్దమనిషి ఉండేవాడు. నిక్కచ్చి మనిషి. వసూలైన డబ్బు చాలక మూడుసార్లు తన సొంత డబ్బు పెట్టి మోటారు బాగు చేయించాడు. లెక్క రాయలేదు. 'నేను తింటానా' అనేవాడు. ఎన్నికలొచ్చాయి, అవతలి పార్టీవాళ్ళు గ్రామసభలో లెక్క అడిగారు. ఆయన తువ్వాలు మూట విప్పి చిత్తుకాగితాలు, షాపు బిల్లులు కింద పోశాడు. జనం నవ్వారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పంచాయతీ గడప తొక్కలేదు, కమిటీ కూడా అక్కడితో సరి. నేను ఆ రోజు అక్కడే కూర్చుని ఉన్నాను. నెలకోసారి లెక్క రాయించు అని ఆయనకు చెప్పాల్సింది నేనే. పైపులు చూసుకుంటూ పుస్తకం చూడలేదు.

లెక్క రాయడమే కాదు, చదవాలి. ఉపాధిహామీ పనుల సోషల్ ఆడిట్, అంటే జనం ముందే లెక్క తనిఖీ, 2006లో మన దగ్గర మొదలైనప్పుడు అందరికీ వింతగా అనిపించింది పేర్లు గట్టిగా చదవడమే. ఫలానా వాళ్ళకు ఇన్ని రోజుల కూలి ఇచ్చినట్టు ఉంది, ఇచ్చారా? అంతే ప్రశ్న. మీరూ రెండు నెలలకోసారి గ్రామసభలో జమ, ఖర్చు, బాకీదార్లు గట్టిగా చదవండి. బాకీదార్ల జాబితా సర్పంచ్ బంధువు పేరుతో మొదలుపెట్టగలిగితే కమిటీ గట్టిదని నేను ఒప్పుకుంటాను.

గంగదేవిపల్లి చూసి రావాలా అని అడిగావు. వరంగల్ పక్కన గీసుగొండ మండలంలో ఉంది, పోయి రండి. 1994లో విడి పంచాయతీ అయిన చిన్న ఊరు, పనికొక కమిటీ పెట్టుకుని ఊరు నడుపుకున్నారు, 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. అయితే పోయినవాళ్ళంతా కమిటీల జాబితా రాసుకొచ్చి తమ ఊళ్ళో అన్ని కమిటీలూ ఒకే రోజు వేస్తారు. ఆరునెలలకు ఒక్కటీ ఉండదు. ఆ ఊరు అన్నీ ఒక్కరోజులో వెయ్యలేదు. సారా మాన్పించే దగ్గర, పొదుపు దగ్గర కలిసి పనిచేయడం ముందు నేర్చుకుని, తర్వాత నీళ్ళు, తర్వాత మిగతావి. అక్కడికి పోతే ఎన్ని కమిటీలున్నాయని అడక్కండి. మొదటిది ఏది, అది తగాదా పడ్డప్పుడు ఎలా తేల్చుకున్నారు అని అడగండి.

క్లోరిన్ సంగతి ఒక ముక్క, ఎందుకంటే ఇది ప్రాణాలతో పని. ట్యాంకులో బ్లీచింగు కలపడం ఇక మీ బాధ్యతే అనుకుని గుప్పిళ్ళతో వేసేయకండి. భగీరథ నీళ్ళు శుద్ధి చేసి క్లోరిన్ కలిపే వస్తాయి. ముందు చివరి ఇంటి నల్లా దగ్గర పరీక్ష చెయ్యండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి, క్లోరిన్ పరీక్షకు వాడే చుక్కల మందు ఆ నీళ్ళ నమూనాలో వేస్తే లేత పసుపు రంగు వస్తుంది. రాకపోతే, లేదా బోరు నీళ్ళు కలిపిన రోజున, మంచి బ్లీచింగు పొడి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున, అంటే మీ ట్యాంకుకు 150 గ్రాముల నుంచి మొదలుపెట్టండి. పొడి నేరుగా చల్లకూడదు. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట ట్యాంకులో పొయ్యాలి. గంట ఆగి మళ్ళీ చివరి నల్లా దగ్గర చూడాలి. మూతి విప్పిన సంచి నెలల తరబడి మూలన పడి ఉంటే దానిలో సత్తువ ఉండదు, వేసినా వెయ్యనట్టే. ఈ పరీక్ష ఆడవాళ్ళకు నేర్పించండి, జల్ జీవన్ మార్గదర్శకాల్లో కూడా ఊరికి ఐదుగురు మహిళలకు నేర్పమనే ఉంది.

చివరగా నువ్వడిగిన చిన్న ప్రశ్న: సర్పంచ్‌ను కమిటీకి అధ్యక్షుడిగా పెట్టాలా, వద్దా? పెట్టండి. బయట ఉంచితే పగ, లోపల ఉంటే సంతకం. కానీ మినిట్స్ రాసేది, రసీదులు చూసేది సంఘం ఆడవాళ్ళు, వాల్వు టైములు నిర్ణయించేది కమిటీ మొత్తం. ఈ మాటలు తీర్మానంలో చదివినప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో చూడు. అప్పుడు కూడా సరే అంటే నిజంగా సరే అన్నట్టు.

ఇప్పటికి ఇంతే. పదిహేను రోజుల టైములు రాసిన కాగితం ఫోటో తీసి ఇక్కడే పెట్టు. దానితోపాటు ట్యాంకు నుంచి కాలనీకి పోయే పైపు ఎంత సైజుదో, మధ్యలో ఎన్ని గేట్‌వాల్వులున్నాయో, అందులో తిరిగేవి ఎన్నో రాయి. 63 మిల్లీమీటర్ల పైపు అయితే నేను చెప్పే సమాధానం ఒకటి, 90 అయితే ఇంకొకటి.